జారే కీబోర్డూ, మూడు ఊళ్ళ పేర్లూ

ఒక ఫోను తెలుగుకు పనికివస్తుందో లేదో తేల్చడానికి పూర్వపు వరంగల్లు జిల్లాలోని మూడు పేర్లు చాలు. జనగామలో ఒక్క దీర్ఘమే. మహబూబాబాద్‌కు చివర పొల్లు. భూపాలపల్లితోనే చిక్కంతా: ల, పొల్లు, మళ్ళీ ల, గుడి, ఈ నాలుగు సంకేతాలూ కలిసి ఒక్క అక్షరం కావాలి.

2008 అక్టోబరులో అమెరికాలో విడుదలైన హెచ్‌టీసీ డ్రీమ్ తొలి ఆండ్రాయిడ్ ఫోను. తాకుతెర, దాని కిందనుంచి జారి బయటికొచ్చే అయిదు వరుసల కీబోర్డు. 2009లో 1.5 వచ్చేదాకా తెరమీద మీటలే లేవు, టైపు చేయాలంటే జార్చవలసిందే. కంప్యూటరులో లేఖినికి అలవాటుపడ్డ వేళ్ళకు ఇంకేం కావాలి, అనిపిస్తుంది కదూ? తీరా చూస్తే మూడు పేర్లూ డబ్బాలే! పాపం, జనగామకైనా మినహాయింపు లేదు. తెలుగు 1991లోనే యూనికోడుకెక్కినా ఫోనులో ఖతి లేదు. ఖతి ఒక్కటే చేర్చినా చాలదు. అక్షరాలను కూర్చే యంత్రాంగం లేకపోతే లావత్తు కిందికి దిగక ‘పల్‌లి’గా విడిపోతుంది. ఒపేరా మినీలో ఒక అమరిక మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదువుకునే ఉపాయం తరువాత దొరికింది. రాయడానికి అదీ అక్కరకు రాలేదు.

ఆండ్రాయిడ్‌కు తెలుగు ఖతి 2012లో, 4.1తో వచ్చింది. అప్పటికే జారే కీబోర్డులు అంగళ్ళలో అరుదైపోతున్నాయి.