తాళం పెట్టిన ఇల్లు, గిన్నె దగ్గర కుక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో కోడు రాసుకు బతుకుతున్న మనలో చాలామందికి ఈ లెక్క తెలిసిందే. కూతురికో కోడలికో పురుడు. అమ్మానాన్నలకి వీసా వచ్చింది, టిక్కెట్లు అయిపోయాయి. విజిటర్ వీసా మీద ఒక విడతకి మామూలుగా ఆరు నెలలదాకా ఉండనిస్తారు. ఆవకాయ, కందిపొడి, చోడిపిండి అన్నీ సర్దేశారు. పొలం కౌలుకిచ్చారు, గ్యాసు కట్టేశారు. ఆఖర్న ఒక్కటే మిగిలింది... పెరట్లో కుక్క. "ఆటోమేటిక్ ఫీడర్లు వస్తున్నాయి కదా, ఒకటి ఆర్డరు పెట్టేస్తా" అంటాడు కొడుకు. సమస్య తీరిపోయింది అనుకుంటాం. మన బుర్రలు అలా తయారయ్యాయి మరి, ఏ పనైనా రోజుకి రెండుసార్లు జరగాలంటే మనకి ముందు క్రాన్ జాబే గుర్తొస్తుంది!

నేను ఈ డబ్బాకి వ్యతిరేకిని కాదు. కానీ ఇది ఎక్కణ్ణించి వచ్చిందో చూస్తే, ఏ పనికి పుట్టిందో, ఏ పని దీనికి చాతకాదో బాగా తెలుస్తుంది. అందుకే ఈ చరిత్ర.

ముందు మన ఊళ్ళ సంగతి. మన వైపు పాతకాలం ఇళ్ళలో కుక్కకి వేరే వంట అంటూ లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, తౌడు, తొక్కలు కుడితి గోలెంలో పడి ఆవుకి పోయేవి. మిగిలిన అన్నం, గంజి, అంబలి కుక్కకి. మజ్జిగన్నంలో ఓ ముద్ద పిల్లికి. ఇంకా పాతకాలానికి వెళ్తే గృహస్థు రోజూ చెయ్యాల్సిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. అంటే తాను తినేముందు కుక్కకీ, కాకికీ, పురుగుకీ ఇంత బయట పెట్టడం. శాస్త్రం తెలిసినవాళ్ళు మంత్రంతో పెట్టారు, తెలియనివాళ్ళు ఊరికే పెట్టారు. రెండిట్లోనూ కుక్క తిండికి టైము మన తిండి టైమే. ఇంట్లో పొయ్యి వెలిగిందంటే దానికీ ఏదో దొరుకుతుందన్నమాట.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. జంతువుల బాగోగులు ఇంటి పని మాత్రమే కాదు, రాజ్యం పని కూడా అని రాతిమీద చెక్కించిన నేల మనది. క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో అశోకుడు కళింగని జయించాడు. ఆ తరవాతి శాసనాలు గంజాం జిల్లా జౌగడలో ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడది ఒడిశా. కానీ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయేదాకా మన చికాకోలు (అదే, శ్రీకాకుళం) కూడా ఆ గంజాం జిల్లాలోనే ఉండేది. అక్కడి రెండో శాసనం సారాంశం ఇది: మనుషులకీ పశువులకీ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశాం, మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించాం, దారుల వెంట మనుషులూ పశువులూ వాడుకునేందుకు బావులు తవ్వించి చెట్లు పెట్టించాం. గమనించండి, ఇందులో తిండి మాట కంటే వైద్యం మాట ముందుంది. పశువుకి ఏమైందో చూసేవాడు ఒకడుండాలి అన్న ఆలోచన అది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తరవాత మనకి పనికొస్తుంది.

సరే, ఇప్పుడు డబ్బా దగ్గరికొద్దాం. విప్పి చూస్తే అందులో ఉండేవి మూడే. కొలిచి వదిలే యంత్రం, గడియారం, వదలడానికి వీలైన తిండి. మూడూ వేరువేరు చోట్ల పుట్టాయి.

కొలిచి వదలడం చాలా పాతది. మన శివాలయాల్లో లింగం మీద వేలాడే ధారాపాత్ర చూశారుగా. అడుగున చిన్న కన్నం, బొట్టు బొట్టుగా అభిషేకం. పూజారి పక్కన లేకపోయినా పని జరుగుతూనే ఉంటుంది, నీళ్ళు అయిపోయేదాకా. ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే ఇంజనీరు ఇంకో అడుగు ముందుకేశాడు. నాణెం వేస్తే దాని బరువుకి మీట వంగి గుడిలో తీర్థం కొంచెం వదిలే పెట్టె గురించి రాసి పెట్టాడు. నాణెం జారిపోగానే మూత పడిపోతుంది. ఇవాళ్టి ఫీడర్లో మోటారు చేసేదీ అదే, ఇంత వదిలి మూసెయ్యడం.

గడియారం సంగతి మన మాటలోనే ఉంది. అడుగున కన్నం ఉన్న గిన్నెని నీళ్ళలో తేలిస్తే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక ఘడియ, 24 నిమిషాలు. రోజుకి 60 ఘడియలు. ఆ ఘటికా యంత్రం నుంచే గడియారం అన్న మాట వచ్చింది. అయితే ఆ గిన్నె పక్కన ఒక మనిషి కూర్చోవాల్సిందే. మునిగిందని గంట కొట్టి, మళ్ళీ తేల్చాలి కదా.

మూడోది తిండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పెరుగన్నాన్ని ఏ యంత్రమూ కొలిచి వదల్లేదు. అంటుకుంటుంది, పులుస్తుంది, మన ఎండకి సాయంత్రానికే పాడవుతుంది. మన భాషలో చెప్పాలంటే ముందు ఇన్‌పుట్ ఫార్మాట్ మారాలి. అది 1860 ప్రాంతంలో లండన్లో మారింది. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికావాడు పిడుగులనుంచి కాపాడే కడ్డీలు అమ్ముకోడానికి వెళ్ళి, గోధుమలు, కూరగాయలు, ఎండబెట్టిన మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేసి అమ్మాడు. ఓడ సరుకుల్లో పారేసిన గట్టి బిస్కెట్లని రేవులో కుక్కలు తింటుంటే చూసి ఆ ఊహ వచ్చిందని ఓ కథ కూడా ప్రచారంలో ఉంది. ఆ తరవాత 1957లో ప్యూరినా కంపెనీ పిండిని వేడిమీద ఒత్తి, ఉబ్బించి, గుళికలుగా చేసే పద్ధతిలో డాగ్ చౌ తెచ్చింది. అప్పటికి కుక్క తిండి ఒకే సైజు, ఒకే బరువు, పొడి పొడిగా ఉండే సరుకయింది. అంటే ఫీడరు కుక్కకి తగ్గట్టు రాలేదు, కుక్క తిండే ఫీడరుకి తగ్గట్టు మారాక ఇళ్ళలోకి వచ్చింది. కాబట్టి ఇరవై రూపాయల పాలపాకెట్టూ, అన్నమూ తిని పెరిగిన మన పెరటి కుక్కకి ఫీడరు పెట్టడమంటే, ముందు కొన్ని వారాలు దాని తిండే మార్చాలి. ఈ సంగతి డబ్బా మీద పెద్దక్షరాలతో రాయరు.

పెద్ద ఎత్తున మేత ఆటోమేట్ అయింది కూడా ఇంటి జంతువులకోసం కాదు, కోళ్ళకోసం. 1938లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో డివిట్ సోదరులు బిగ్ డచ్‌మన్ అనే కంపెనీ పెట్టి, గొలుసు లాక్కెళ్ళే మేత తొట్టిని తయారుచేశారు. షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరికి మేత దానంతటదే వెళ్తుంది. అక్కడ ఉద్దేశం స్పష్టం. వేల కోళ్ళు, తక్కువ కూలీ. ఒక కోడి తినలేదని ఎవరూ కంగారుపడరు, మొత్తం మీద ఎంత మేతకి ఎన్ని గుడ్లు అన్నదే లెక్క. ఆ లెక్కకోసం పుట్టిన ఆలోచనని మనం ఒక్క కుక్క ఉన్న ఇంటికి తెచ్చుకున్నాం.

ఇంకో దారి ప్రయోగశాలలోంచి వచ్చింది. రష్యాలో పావ్‌లోవ్ (జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ వచ్చింది) కుక్కల లాలాజలం కొలుస్తుంటే ఓ చిక్కొచ్చింది. తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషి కనపడగానే వాటికి నోరూరేది. ఈ తలనొప్పినే ఆయన అసలు పరిశోధనగా మార్చుకున్నాడు. అమెరికాలో స్కిన్నర్ మనిషిని పక్కకి తప్పించి ఆ పని యంత్రానికిచ్చాడు. 1948లో ఆయన రాసిన పత్రంలో ఎనిమిది పావురాలు, ఒక్కొక్కటీ ఒక పెట్టెలో. అవి ఏం చేసినా చెయ్యకపోయినా, సెట్ చేసిన టైముకి మేత వస్తుంది, పోతుంది. ఎనిమిదిలో ఆరు పావురాలు వింత అలవాట్లు మొదలెట్టాయి. ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, ఒకటి తల మూలకి పొడుస్తుంది. తాము అలా చేస్తేనే మేత వస్తోందని నమ్మినట్టు ప్రవర్తించాయి కాబట్టి దీన్ని మూఢనమ్మకం అన్నాడు స్కిన్నర్. 1971లో స్టాడన్, సిమల్‌హాగ్ ఇదే ప్రయోగం మళ్ళీ చేసి, ఇవి మూఢనమ్మకాలు కావు, మేత ఎదురుచూసే పావురాలకి సహజంగా ఉండే చేష్టలే అన్నారు. ఎవరిది రైటయినా ఒకటి మాత్రం ఖాయం. టైముకి తిండి పడేచోట జంతువు ఊరికే ఉండదు, దాని ప్రపంచమంతా ఆ గిన్నె చుట్టూ తిరుగుతుంది. అమ్మ అడుగుల చప్పుడుకి తోక ఊపే కుక్క, నెలయ్యాక మోటారు గిర్రుమంటే ఊపుతుంది.

ఇప్పుడు మన ఫీల్డు సంగతి. గడియారం పోయి ఇంటర్నెట్ వచ్చింది. పెట్‌నెట్ అనే అమెరికా కంపెనీ ఫోన్లోంచి నడిపే ఫీడరు తెచ్చింది. 2016 జులైలో వాళ్ళు వాడుకుంటున్న వేరే కంపెనీ సర్వరు గంటల తరబడి పడిపోయింది. టైముకి పడాల్సిన మేత పడకపోవచ్చు, దయచేసి మీరే పెట్టుకోండి అని వినియోగదారులకి కబురుపెట్టారు. ఇంట్లో లేనివాళ్ళకి అమ్మిన వస్తువండీ అది! 2020 ఫిబ్రవరిలో మళ్ళీ సుమారు వారంపాటు మూగబోయింది. డబ్బుకి ఇబ్బందిగా ఉందని అదే ఏడాది కంపెనీయే చెప్పుకుంది. మధ్యలో 2019లో ఇంకో ముచ్చట. రష్యాకి చెందిన ఒక సెక్యూరిటీ పరిశోధకురాలు తన ఫర్రీటెయిల్ ఫీడరుని పరీక్షిస్తుంటే, ప్రపంచంలో ఉన్న అదే రకం ఫీడర్లు 10,950 ఆవిడ తెరమీద కనబడ్డాయట. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా ఎవరి పిల్లి మేత టైమైనా మార్చెయ్యగలిగే పరిస్థితి.

అమెరికాలోనే అలా అయితే మన సముద్రతీరం మాటేమిటి? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళాల్లో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం కొబ్బరితోటల్నీ జీడితోటల్నీ కూల్చేసింది. అక్కడా చాలా ఊళ్ళు రోజులకి రోజులు చీకట్లోనే. డల్లాస్ లోనో డబ్లిన్ లోనో కూచుని యాప్ తెరిస్తే 'డివైస్ ఆఫ్‌లైన్' అనే రెండు ముక్కలు తప్ప ఏమీ తెలీదు. మేత పడిందా, పడినా వర్షానికి నానిపోయిందా, అసలు గోడ ఉందా, కుక్క ఉందా? కెమెరా ఉన్న ఫీడరయినా ఇంతే. దానికీ అదే కరెంటు, అదే నెట్టు కావాలి.

మరి పూర్వం మనవాళ్ళు ఊరు వదిలి వెళ్ళలేదా అంటే, మనకంటే ఎక్కువే వెళ్ళారు. గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి రంగూను పోయినవాళ్ళు అంతా ఇంతా కాదు. అక్కడ తెలుగు కూలీలకి కోరంగీలని పేరు. 1941 డిసెంబర్లో జపాను బాంబులు పడ్డాక ఎందరో ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చారు. కానీ వాళ్ళు వెళ్ళినప్పుడు సాధారణంగా ఇంటికి తాళం పడలేదు. ముసలమ్మ ఉంది, వదిన ఉంది, పిల్లలున్నారు. పొయ్యి వెలిగేది, కుక్క తినేది. ఇప్పుడు మన తరంలో ఆఖరి ఇద్దరు కూడా విమానం ఎక్కేస్తున్నారు, పొయ్యి పూర్తిగా ఆరిపోతోంది. ఫీడరు అవసరం పుట్టింది ఆ తాళంలోంచి. యంత్రం బాగుందా బాగులేదా అన్నది ఆ తరవాతి ప్రశ్న.

అందుకని నా లెక్క ఇది. రెండ్రోజులు తిరుపతి వెళ్ళొచ్చేవాళ్ళకి ఫీడరు భేషుగ్గా పనిచేస్తుంది. కొనేటప్పుడు టైముపట్టిక సర్వర్లో కాకుండా యంత్రంలోనే ఉండేదీ, కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచేదీ చూసుకోండి. మన వైపు గాలిలో తేమకి గుళికలు మెత్తబడి గొట్టంలో ఇరుక్కుంటాయి, చీమలు పడతాయి. కాబట్టి డబ్బా నిండా పోసి వదలకండి. నీళ్ళకి వేరే ఏర్పాటు చెయ్యండి, దీంట్లో నీళ్ళు రావు. వెళ్ళేముందు కనీసం వారం రోజులు మీరుండగానే నడిపి చూడండి. ప్రొడక్షన్లో టెస్టింగ్ వద్దు :)

ఆరు నెలలకయితే మాత్రం మనిషే కావాలి. కుక్కకి జబ్బు చేస్తే మొట్టమొదట తెలిసేది గిన్నె దగ్గరే. తిండి మానేస్తుంది. పిల్లి రెండు మూడు రోజులు వరసగా తినకపోతే లివరు మీదకి వచ్చే ప్రమాదం ఉంది. ఫీడరు లాగులో మాత్రం రోజూ రెండుసార్లు 'సక్సెస్' అనే పడుతుంది, ఎందుకంటే దాని పని వదలడం, అది చేసింది. పక్కింటావిడకి చెప్పి వెళ్తే ఫోనులో ఏమంటుందో తెలుసా? "నిన్నట్నుంచీ కూడు ముట్టనేదు బాబూ, ఏటో మూలన పడుకుండిపోనాది." జౌగడ రాతిమీద పశువుల వైద్యం అని చెక్కించినవాడికి కావలసిన కబురు సరిగ్గా ఇదే.

ఆవిడకి ఊరికే చెప్పొద్దు. నెలకింత అని మాట్లాడుకోండి, పశువుల డాక్టరు నంబరు ఇవ్వండి, మందుల ఖర్చుకి విడిగా కొంత ఇచ్చి ఉంచండి. ఆవిడ ఊరెళ్ళే రోజుల్లో ఫీడరు నడుస్తుంది. టిక్కెట్టుకి లక్ష పైన పెట్టినవాళ్ళం, దీనికి వెనకాడక్కర్లేదు.