తెర మీద పై వరుస ఎవరిది?

లిటిల్ రాక్ అమెరికాలోని అర్కాన్సా రాష్ట్ర రాజధాని. కంప్యూటర్లు రాకముందు అమెరికన్ ఎయిర్‌లైన్స్ రిజర్వేషన్ కార్యాలయం ఒకటి అక్కడ నడిచేది. మధ్యలో గుండ్రంగా తిరిగే ఫైలు బల్ల, దాని చుట్టూ ఎనిమిది మంది గుమాస్తాలు. ప్రతి విమానానికీ ఒక కార్డు. ఫోనులో ఎవరైనా సీటు అడిగితే బల్ల తిప్పి, ఆ కార్డు వెతికి, అంచు మీద ఒక గుర్తు పెట్టేవారు. గుర్తులు చూస్తేనే విమానం నిండిందో లేదో తెలిసిపోయేది. బల్ల చుట్టూ తొమ్మిదో మనిషికి చోటు లేదు. ప్రయాణికులు ఎంతమంది పెరిగినా సీటు చూసి చెప్పేది ఆ ఎనిమిది మందే. ఒక టికెట్ ఖరారు కావడానికి సగటున గంటన్నర పట్టేది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఎవరైనా ఫోను తీసి ఢిల్లీ పేరు కొడితే క్షణాల్లో విమానాలన్నీ చవక నుంచి ఖరీదు దాకా బారులు తీరతాయి. ఇంకో సైటు తెరిస్తే అదే విమానం, అదే సీటు, ధర మాత్రం వేరు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ధరల వరుసను మొదటి నుంచీ ఎవరో ఒకరు తమకు అనుకూలంగా పేరుస్తూనే వచ్చారు. చవక టికెట్ వేట చరిత్రలో సగం, ఆ పేర్చే హక్కు కోసం జరిగిన పెనుగులాటే.

1953లో లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఇద్దరు స్మిత్‌లు పక్కపక్కన కూర్చున్నారు. ఒకరు ఆ సంస్థ అధ్యక్షుడు సి.ఆర్.స్మిత్. రెండో ఆయన ఐబీఎంలో సేల్స్ ఉద్యోగి బ్లెయిర్ స్మిత్. ఇంటిపేర్లు కలవడంతో మాటలు కలిశాయి, మాటలు సీట్ల లెక్కల తలనొప్పి దాకా వెళ్లాయి. ఐబీఎం అప్పటికే అమెరికా వైమానిక దళం కోసం శత్రు విమానాల జాడ పట్టే ‘సేజ్’ అనే కంప్యూటర్ వ్యవస్థ మీద పనిచేస్తోంది. దూరదూరాల రాడార్ల సమాచారాన్ని ఒకచోట చేర్చి అప్పటికప్పుడు జవాబిచ్చే ఆ పద్ధతి సీట్ల లెక్కకూ పనికొచ్చింది. అలా పుట్టిందే ‘సేబర్’. 1960లో న్యూయార్క్ దగ్గరి బ్రయర్‌క్లిఫ్ మానర్‌లో రెండు ఐబీఎం 7090 యంత్రాలతో తొలి అడుగు పడింది. 1964 నాటికి అమెరికా అంతటా విస్తరించింది. ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. రోజుకు 84 వేల ఫోన్ కాల్స్ తట్టుకునే సత్తా దానిది.

అయితే అప్పటికి పోల్చి చూడటానికి ధరలే లేవు. ఏ మార్గంలో ఎంత వసూలు చేయాలో అమెరికాలో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు తేల్చేది. ఏ కంపెనీ విమానం ఎక్కినా దాదాపు ఒకే ధర. పోటీ అంతా భోజనంలో, సీటు వెడల్పులో ఉండేది. 1978 అక్టోబర్ 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ విమానయాన నియంత్రణల సడలింపు చట్టంపై సంతకం చేశాకే ఎవరికి నచ్చిన ధర వాళ్లు పెట్టుకునే రోజులు వచ్చాయి.

ఈలోగా ఇంకో మార్పు జరిగిపోయింది. 1976 నుంచి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన రిజర్వేషన్ వ్యవస్థ ‘అపోలో’ను, అమెరికన్ తన ‘సేబర్’ను ట్రావెల్ ఏజెంట్ల బల్లల మీదికి చేర్చాయి. ఏజెంటుకు అన్ని కంపెనీల విమానాలూ కనిపిస్తాయి. కానీ తెర మాత్రం ఒక కంపెనీది. ఏజెంటు ఎదురుగా ప్రయాణికుడు నిలబడి ఉంటాడు, ఫోను మోగుతూ ఉంటుంది. పేజీలు తిప్పే తీరిక ఎవరికుంది? సగానికి పైగా బుకింగులు మొదటి వరుస నుంచే, పదింట తొమ్మిది మొదటి తెర నుంచే జరుగుతున్నాయని తేలింది. ఇది తెలిశాక తెర యజమాని తన విమానాన్ని ఎక్కడ పెట్టుకుంటాడో వేరే చెప్పాలా?

న్యూయార్క్ ఎయిర్ అనే చిన్న కంపెనీకి ఇది అనుభవంలోకి వచ్చింది. 1981లో అది న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయం నుంచి డెట్రాయిట్‌కు విమానాలు మొదలుపెట్టింది. ఆ మార్గంలో అమెరికన్‌కు గట్టి పోటీ. కొద్ది కాలానికే న్యూయార్క్ ఎయిర్ విమానాలు సేబర్ తెర అడుగుకు జారిపోయాయి. బుకింగులు ఎండిపోయాయి. రోజుకు ఎనిమిది ఉన్న డెట్రాయిట్ విమానాలు చివరికి సున్నాకు చేరాయి. విమానాల్లో లోపం లేదు, ధరలోనూ లేదు. ఆ విమానం ఉన్నట్టు ప్రయాణికుడికి తెలియకుండా పోయింది, అంతే. అమెరికన్ అధిపతి రాబర్ట్ క్రాండల్ దీన్ని దాచిపెట్టనూ లేదు. డబ్బు పోసి వ్యవస్థ కట్టింది తామే కాబట్టి ముందు వరుస తమదేనని అమెరికా కాంగ్రెస్ ముందే వాదించారు. 1984లో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు తన చివరి రోజుల్లో తెర మీద పక్షపాతాన్ని నిషేధించింది. ఇంటర్నెట్ వచ్చి ఏజెంట్ల తెరల పట్టు సడలాక, 2004లో ఆ నియమాలను అమెరికా ప్రభుత్వం ఎత్తేసింది. పోటీయే చూసుకుంటుందన్న ఆ నమ్మకం తొందరపాటనే చెప్పాలి. తెరలు మారాయి గానీ పై వరుస విలువ తగ్గలేదు.

పక్కపక్క సీట్లకు వేర్వేరు ధరలు ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా 1980ల దశాబ్దంలోనే ఉంది. 1981లో నెవార్క్ నుంచి మొదలైన పీపుల్ ఎక్స్‌ప్రెస్ కారుచౌక ధరలతో పెద్ద కంపెనీలను వణికించింది. 1985 జనవరిలో అమెరికన్ తిప్పికొట్టింది. ముందుగా కొనే విహారయాత్రికులకు కొన్ని సీట్లు పీపుల్ ఎక్స్‌ప్రెస్ ధరకే ఇచ్చి, చివరి నిమిషంలో వచ్చే వ్యాపారుల కోసం మిగతావి ఎక్కువ ధరకు అట్టిపెట్టింది. ఏ ధరకు ఎన్ని సీట్లు వదలాలో కంప్యూటర్ లెక్కగట్టేది. అన్ని సీట్లనూ చవకగా అమ్మే పీపుల్ ఎక్స్‌ప్రెస్ దగ్గర అలాంటి లెక్కల యంత్రాంగం లేదు. రెండేళ్లు తిరిగేసరికి అది కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఆ లెక్క ఇప్పటికీ ప్రతి విమానంలోనూ నడుస్తోంది. సీట్లన్నిటినీ ధరల మెట్లుగా విడగొడతారు. ఒక్కో మెట్టుకు ఇంగ్లిషు అక్షరం ఒకటి గుర్తు. కింది మెట్టులో సీట్లు అయిపోగానే పై మెట్టు ధర కనిపిస్తుంది. నలుగురున్న కుటుంబం తిరుపతి నుంచి హైదరాబాద్‌కు ఒకేసారి నాలుగు టికెట్లు వెతికిందనుకుందాం. కింది మెట్టులో రెండే సీట్లు మిగిలి ఉంటే చాలా సైట్లు నలుగురికీ పై మెట్టు ధరే చూపిస్తాయి. ముందు ఒక్కరికి వెతికి, తర్వాత నలుగురికి వెతికితే ఈ సంగతి బయటపడుతుంది. తేడా ఎక్కువగా ఉంటే ఇద్దరిద్దరుగా కొనుక్కోవచ్చు. అయితే రెండు బుకింగులు వేర్వేరని గుర్తుంచుకోవాలి. ఒకదాంట్లో జరిగిన మార్పు రెండోదానికి వర్తించదు.

తర్వాత ఆ తెర ఏజెంట్ల బల్ల దాటి ఇంటర్నెట్‌లోకీ వచ్చింది. 1996 మార్చిలో సేబర్ సంస్థ ‘ట్రావెలాసిటీ’ సైటును, అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ ‘ఎక్స్‌పీడియా’ను తెరిచాయి. దానికి ముందు ఏడాదే డెల్టా విమాన సంస్థ, దేశీయ టికెట్ల మీద ఏజెంట్ల కమీషన్‌కు 50 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టింది. 2002కల్లా మూల కమీషన్‌నే తీసేసింది. కమీషన్ పోయాక అమ్మేవాడి బతుకుతెరువు ఫీజులు, ప్రకటనలు, బీమా, హోటళ్ల మీదికి మళ్లింది. ఈ రోజు టికెట్ చివరి పేజీలో కనిపించే చిల్లర చేర్పులకు మూలం ఇక్కడే ఉంది.

అసలు అన్నిటికంటే చవకైన టికెట్‌ను కంప్యూటర్ ఖాయంగా కనిపెట్టగలదా? మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివిన జెరెమీ వెర్థైమర్, మిత్రులతో కలిసి 1996లో ‘ఐటీఏ సాఫ్ట్‌వేర్’ స్థాపించింది ఈ పని కోసమే. శనివారం రాత్రి అక్కడే ఉండాలి, ఈ ధర ఆ ధరతో కలవదు, ఫలానా ఊరి మీదుగా వెళ్తేనే చెల్లుతుంది అంటూ ధరల నిబంధనలు పెనవేసుకుని ఉంటాయి. వాటన్నిటినీ పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే, ప్రతిసారీ జవాబు ఇచ్చితీరే గణన పద్ధతి సాధ్యం కాదని ఆ సంస్థకు చెందిన కార్ల్ డి మార్కెన్ చూపారు. కాబట్టి ఏ సైటైనా చూపేది తాను వెతికినంతలో చవకైనదే. వెతికే తీరు, వెతికే మేర సైటు సైటుకూ మారతాయి. అందుకే ఫలితాలూ మారతాయి. ఐటీఏను గూగుల్ 70 కోట్ల డాలర్లకు కొని, 2011లో ‘గూగుల్ ఫ్లైట్స్’ తెచ్చింది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఓరెన్ ఎట్జియోనీది వేరే దారి. ఒకసారి తమ్ముడి పెళ్లికి సియాటెల్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తూ పక్క సీటు వాళ్లను ధర అడిగారు. తన కంటే ఆలస్యంగా కొన్నవాళ్లు తన కంటే తక్కువ ఇచ్చారు! ముందు కొంటేనే చవక అన్న నమ్మకం ఆయనకు అక్కడే సడలింది. 41 రోజుల పాటు సేకరించిన 12 వేలకు పైగా ధరలతో, ఇప్పుడే కొనాలా ఆగాలా అని చెప్పే పద్ధతి తయారుచేశారు. అది ‘ఫేర్‌కాస్ట్’ అయింది. 2008లో మైక్రోసాఫ్ట్ దాన్ని 11.5 కోట్ల డాలర్లకు కొన్నది. కొన్నేళ్లకు ఆ జోస్యం చెప్పే సదుపాయాన్నే మూసేసింది. ప్రయాణికుడి పక్షాన నిలిచిన పరికరం అలా కనుమరుగు కావడం విచారకరం. ఎడిన్‌బరోలో గారెత్ విలియమ్స్ మంచు కొండల యాత్రలకు చవక విమానాలు వెతకడానికి రాసుకున్న స్ప్రెడ్‌షీటే ‘స్కైస్కానర్’గా ఎదిగి, 2016లో చైనా కంపెనీ చేతికి వెళ్లింది.

మన దేశంలో పోల్చుకునే అవకాశం ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఉన్నది ఒక్క కంపెనీ అయినప్పుడు దేన్ని దేనితో పోలుస్తారు? 1994లో ఆ జాతీయీకరణ చట్టం రద్దయింది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ‘ఎయిర్ డెక్కన్’తో మధ్యతరగతిని విమానం ఎక్కించారు. హైదరాబాద్–విజయవాడ తొలి విమానంలో వెంకయ్యనాయుడు తదితరులు కూర్చుని ఉండగా ఇంజిన్‌లో మంటలు లేచాయి. అందరూ క్షేమంగా బయటపడ్డారు, కంపెనీ నిలదొక్కుకుంది. ఏజెంట్ల అంతర్జాతీయ తెరలకు డబ్బు కట్టకుండా టికెట్లను తన వెబ్‌సైటులో, కాల్‌సెంటర్‌లో అమ్మడం దాని చవకకు ఒక కారణం.

‘మేక్‌మైట్రిప్’ను దీప్ కాల్రా 2000లో మొదలుపెట్టింది అమెరికాలోని భారతీయుల స్వదేశ ప్రయాణాల కోసం. 2005లో గానీ అది దేశంలోని ప్రయాణికుల వైపు తిరగలేదు. ఆ మరుసటి ఏడాది క్లియర్‌ట్రిప్, యాత్రా వచ్చాయి. దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ బస్సు టికెట్ దొరకని తెలంగాణ యువకుడు ఫణీంద్ర సామ, స్నేహితులతో కలిసి ‘రెడ్‌బస్’ పెట్టిందీ 2006లోనే. కాలక్రమంలో మరో టికెట్ సైటు గోఐబిబో, రెడ్‌బస్ రెండూ మేక్‌మైట్రిప్ గూటికే చేరాయి. వేర్వేరు పేర్ల సైట్లు నాలుగు చూశామనుకున్నప్పుడు, వాటిలో రెండు ఒకే యజమానివి కావచ్చు.

ఏ పోలిక సైటూ అన్నిటినీ చూపదు కూడా. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ తన ధరలను ఏళ్ల తరబడి బయటి సైట్లకు ఇవ్వలేదు. గూగుల్ ఫ్లైట్స్‌లో అది కనిపించింది 2024లోనే. యూరప్‌లో ర్యాన్‌ఎయిర్ తన టికెట్లు అమ్మే బయటి సైట్ల మీద కోర్టులకు వెళ్లింది.

ధర పూర్తిగా చెప్పాలన్న నియమం అమెరికాలో 2012 జనవరి నుంచి అమల్లో ఉంది. పన్నులన్నీ కలిపిన మొత్తమే ప్రకటించాలి. మన దగ్గర 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మోసపూరిత ఎత్తుగడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అడగని వస్తువును బిల్లులో చేర్చడం, ధరను విడతలు విడతలుగా బయటపెట్టడం, లేని తొందర పుట్టించడం అందులో ఉన్నాయి. బీమా వద్దన్న విమాన ప్రయాణికుడితో ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనే మాట మీద నొక్కించడాన్ని అందులో ఉదాహరణగానే చూపారు.

అందువల్ల పాఠకులు మొదటి తెర మీది అంకెలను పోల్చవద్దు. బ్యాగేజీ, సీటు, కన్వీనియన్స్ ఫీజు అన్నీ చేరాక, డబ్బు కట్టడానికి ముందు పేజీలో కనిపించే మొత్తాలను పోల్చండి. వేర్వేరు యజమానుల సైట్లు రెండు చూసి, ఆపై విమాన సంస్థ సొంత సైటులో అదే విమానం ధర చూడండి. అడగనిది బిల్లులో చేరితే తెరను ఫొటో తీసి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.