రోహిణి కార్తె లెక్క

మన సంఘం చూసుకునే ఖబరస్తాన్‌కు ఒక రిజిస్టరు ఉంది. పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, మహల్లా, ఖననం చేసిన తేదీ, మరణ కారణం అని ఆరు గడులు. ఈ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు మేము పాత కోటల గురించి, నవాబుల చెరువుల గురించి రాద్దామనుకున్నాం. ఏదో తేదీ సరిచూసుకుందామని ఆ రిజిస్టరు తీశాం. 2015 మే నెల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మామూలు నెలల్లో ఒక పుట నిండడానికి చాలా రోజులు పట్టేది, ఆ నెల చివరి వారంలో ఇట్టే నిండిపోయింది. వయస్సు గడిలో అన్నీ పెద్ద అంకెలే, నడుమ రెండు మూడు నలభైలోపువి. కారణం గడిలో "వృద్ధాప్యం", "గుండె ఆగి", "జ్వరం" అని ఉంది. చాలాచోట్ల ఖాళీ. వడదెబ్బ అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

అందుకని కోటల సంగతి మరో ఏడాదికి వాయిదా వేసి, ఈ ఒక్క పుట గురించే నాలుగు మాటలు మనవి చేస్తున్నాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పేవారు. మే నెలాఖరులో వచ్చే ఆ పదిహేను రోజుల ఎండ మనకు కొత్త కాదు. అయితే 2015 నాటి ఎండను ఆ ఒక్క కార్తెలో చూస్తే అర్థం కాదు. దాని మొదలు అంతకుముందు ఏడాదిలోనే ఉంది. 2014లో నైరుతి ఋతుపవనాలు దేశం మొత్తం మీద నూటికి పన్నెండు పాళ్లు తగ్గాయి. మన తెలంగాణ పల్లెల్లో చెరువులు నిండలేదు, బోర్లు అడుగంటాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నేలలో తడి ఉంటే సూర్యుడి వేడిలో పెద్ద వాటా ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. తడి లేకపోతే ఆ వేడికి వేరే పని ఉండదు, అంతా గాలికే ఎక్కుతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది, తలకిందులుగా. కరువు, వడగాడ్పు అనేవి రెండు వేర్వేరు కష్టాలని మనం అనుకుంటాం. నిజానికి ఒకటి రెండోదాన్ని పెంచి పోషిస్తుంది. దానికి తోడు వాయవ్యం నుంచి పొడిగాలులు వీచాయి.

మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా ఉంటే వాతావరణ శాఖ వారు వడగాడ్పు అంటారు. మామూలు ఎంతైనా సరే, నలభై అయిదు తాకితే వడగాడ్పే. 2015 మే నెలాఖరులో ఖమ్మంలో 48 డిగ్రీలు నమోదైంది. అక్కడ అంతకుముందు ఎన్నడూ లేని వేడి అది. ఖమ్మం మనకు ఎంతో దూరం కాదు. ఆ వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వ లెక్క. రెండు రాష్ట్రాలూ కలిసి ఉన్న 2003లో అయితే మూడువేలకు పైగా పోయారు. అప్పుడూ ఇదే వరస. 2002 జూలైలో దేశంలో కురవవలసిన వానలో సగం కూడా సరిగా పడలేదు, మరుసటి మే నెలలో జనం పిట్టల్లా రాలిపోయారు.

ఈ లెక్కల్లో మన రిజిస్టరు పుటలోని వారు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర లేదు.

అందులో ఒక చాచా ఉన్నారు. పేరు వద్దు, మహల్లా వారికి తెలుసు. మిర్చి యార్డులో హమాలీ. అరవై దాటినా బస్తా మోయడం మానలేదు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటిదాకా లారీ దింపి, ఇంటికొచ్చి "తల తిరుగుతోంది బేటా, జర పడుకుంటా" అని రేకుల గదిలో నడుం వాల్చారు. ఇంటివారు నిద్ర అనుకున్నారు. అసర్ వేళకు లేపబోతే ఒళ్లు పెనంలా కాలుతోంది, ఏదేదో మాట్లాడుతున్నారు, చెమట మాత్రం చుక్క లేదు. ఇప్పుడైతే మాకు తెలుసు: ఒళ్లు అట్లా కాలుతూ మాట తడబడితే అది ఉత్త నీరసం కాదు, ప్రాణం మీదికి వచ్చిందని గుర్తు. ఆ క్షణాన చేయవలసింది ఒంటిమీద నీళ్లు పోసి, గాలి విసురుతూ ఆసుపత్రికి పరుగెత్తడం. ఆ ఇంట్లో వారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. పైగా పోయడానికి బిందెడు నీళ్లు కూడా లేవు. వీధి పంపు వచ్చి మూడు రోజులు.

మరునాడు జొహర్ తర్వాత జనాజా. గోరీ తవ్వే అతను ముందురోజు రాత్రే పలుగు పట్టుకుని వెళ్లాడు. మామూలుగా వేసవిలో నేల గట్టిపడితే నాలుగు బిందెల నీళ్లు పోసి నానబెట్టి తవ్వుతారు. ఆ ఏడు నీళ్లు లేక ఎండు నేలనే తెల్లవార్లూ తవ్వాడు. గుసుల్‌కు కావలసిన నీళ్లు పక్క వీధి హిందూ కుటుంబం వారు తమ డ్రమ్ములోంచి తోడి ఇచ్చారు. వారు తమకు మిగుల్చుకున్నది ఎంతో మేము అడగలేదు.

తర్వాత వడదెబ్బ మృతుల కుటుంబాలకు సాయం ఇస్తారని తెలిసి వారి అబ్బాయి తిరిగాడు. ఏ మరణమైనా వడదెబ్బేనని తేల్చడానికి తహసీల్దారు, పోలీసు, వైద్యుడు చూసి చెప్పాలి. ఖననం అయిపోయింది, పోస్టుమార్టం లేదు, డాక్టరు చీటీ లేదు. మన రిజిస్టరులో ఏముందని అడిగారు. కారణం గడి ఖాళీ. తప్పు అడిగినవారిది కాదు. గడి మనది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్తాం. తెలుగు గడ్డ మీద కరువుల చరిత్ర చదివితే, చచ్చిపోయినవారిని ఎవరు లెక్కపెట్టారు అన్న ప్రశ్న అడుగడుగునా వస్తుంది. 1832-33లో గుంటూరు సీమలో వచ్చిన కరువును డొక్కల కరువు అన్నారు, తెలుగు సంవత్సరాన్ని బట్టి నందన కరువనీ అన్నారు. అయిదు లక్షల జనాభాలో లక్షన్నరకు పైగానే పోయారంటారు. కచ్చితంగా ఎంతమందో తేలకపోవడానికి కారణం, అప్పటి కుంఫిణీ దొరలకు శిస్తు లెక్క ఉంది గాని మనుషుల లెక్క లేదు. శిస్తు పడిపోయిందని కళ్లు తెరిచి ఆనకట్టల మాట ఆలోచించారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది, బెజవాడలో కృష్ణ ఆనకట్ట ఆ వెనకనే వచ్చింది.

ఆ తర్వాతది 1876-78 నాటి ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలికి, దాని వెంట వచ్చిన కలరాకు బలయ్యారు. ఆ కాలంలో రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి, కరువు పనిలో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. మద్రాసు ఆరోగ్య శాఖ కమిషనరు డాక్టరు కార్నిష్ ఒప్పుకోలేదు. ఆ తిండితో కష్టపడే మనిషి బతకడని, శిబిరాల్లో మరణాలు ఎట్లా పెరుగుతున్నాయో చూపించి వాదించాడు. 1877లోనే ఆ కూలి మళ్లీ పెంచక తప్పలేదు. కార్నిష్ చేతిలో ఉన్న ఆయుధమల్లా చావుల లెక్కే. అది లేకపోతే టెంపుల్ మాటే చెల్లేది.

ఆనాటికీ 2015కూ ఒక పెద్ద తేడా ఉంది. ధాత కరువులో గింజ అందక చచ్చారు. 2015లో రేషను దుకాణాల్లో బియ్యం ఉన్నాయి. ఆకలి చావు కంటికి కనబడుతుంది, డొక్కలు లెక్కపెట్టవచ్చు. వేడి చావు కనబడదు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి లేకుండా పోతాడు, అందరూ గుండెపోటే అంటారు. అహ్మదాబాదులో 2010 మే నెలలో 46.8 డిగ్రీల ఎండ కాసింది. తర్వాత పరిశోధకులు ఆ నెల నగరంలో జరిగిన మరణాలన్నింటినీ మామూలు మే నెలలతో పోల్చి చూస్తే 1,344 ఎక్కువ తేలాయి. ఆ లెక్క వచ్చాకే 2013లో ఆ నగరం వేసవి కోసం ప్రత్యేక ప్రణాళిక వేసుకుంది: ముందుగా హెచ్చరికలు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు, మంచినీళ్ల కేంద్రాలు.

మన కథ 2015 జూన్‌తో ముగియలేదు. రంజాన్ జూన్ 19న మొదలయ్యేసరికి గాలి చల్లబడింది, రోజాలు తేలిగ్గానే గడిచాయి, అందరం కష్టం గట్టెక్కిందనుకున్నాం. జూలై, ఆగస్టుల్లో వాన మొహం చాటేసింది. ఊళ్లలో కప్పతల్లి ఆడారు, మనవాళ్లు ఈద్గాకు వెళ్లి ఇస్తిస్ఖా నమాజు చేశారు. ఆ ఏడాది దేశంలో ఋతుపవనాలు నూటికి పద్నాలుగు పాళ్లు తగ్గాయి. వరసగా రెండేళ్లు ఇట్లా జరగడం అరుదు. 2016 వేసవికి హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎండిపోయాయి, మంజీర, సింగూరు కూడా. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెత. 1908 మూసీ వరదల తర్వాత, మళ్లీ అంతటి వరద నగరాన్ని ముంచకూడదని కట్టించిన చెరువులవి. ఆ ఏడు వాటి అడుగున నెర్రెలు విడిచిన నేలను మేము చూసి వచ్చాం. కృష్ణ, గోదావరి నీళ్లు అంత దూరం నుంచి పైపుల్లో రాకపోతే ఆ మహానగరం ఏమయ్యేదో!

మన పట్టణానికి ఆ భాగ్యం లేదు. ట్యాంకరు వచ్చేది, అరగంటలో ఖాళీ అయ్యేది. బిందెల వరసలో తగువులు అయ్యాయి, దాచడం దేనికి. అయితే ఆ వేసవిలో మనవాళ్లు కొన్ని పనులు మొదలుపెట్టారు. మసీదు గేటు దగ్గర సబీల్ మార్చి నుంచే పెట్టారు. కుండల్లో నీళ్లు, శుక్రవారాల్లో ఉప్పు వేసిన మజ్జిగ. వట్టివేళ్ల తడికలు కట్టి తడుపుదామని ఒకరు అంటే, తడపడానికి నీళ్లేవని అందరం నవ్వుకున్నాం. చివరకు గోనెపట్టాలు వేలాడదీసి, వజూ చేసిన నీళ్లను తొట్టిలో పట్టి వాటినే చల్లారు. రేకుల గదుల్లో ఉండే ముసలివాళ్లను పన్నెండు నుంచి అసర్ దాకా మసీదు వెనక వరండాలో కూర్చోబెట్టారు. యార్డులో హమాలీలు పెద్దలతో మాట్లాడి లారీ దింపే పని తెల్లవారుజాముకు మార్చుకున్నారు. దీనికి వ్యాపారులు మొదట మొండికేశారు, వారం తర్వాత వాళ్లకే నయమనిపించింది.

రిజిస్టరు సంగతి కూడా ఆ ఏడే తేలింది. చాచా వాళ్ల అబ్బాయే ఒక జుమా తర్వాత లేచి అడిగాడు, ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంచుతారని. ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటినుంచి మార్చి నుంచి జూన్ దాకా ఎవరు పోయినా రాసే అతను ఇంటివారిని మూడు మాటలు అడుగుతాడు. ఆ రోజు ఎండలో పని చేశారా, పడుకున్న గది కప్పు ఏమిటి, ఆఖరి గంటల్లో ఒళ్లు ఎట్లా ఉంది. దుఃఖంలో ఉన్నవారిని ఈ ప్రశ్నలేమిటని కొందరు విసుక్కుంటారు. ఆయన తల వంచుకుని, వాళ్లు చెప్పేదాకా ఆగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. ఆరో గడి చాలక, పక్కన మార్జినులో కూడా రాస్తున్నాడు.