ఇల్లు పోకముందే ఆదుకోవాలి: నిరాశ్రయతపై ఇంగ్లండ్ కౌన్సిళ్ల బాధ్యత

ఇంగ్లండ్‌లో నిరాశ్రయులను ఆదుకునే బాధ్యతను 1977లో చట్టం స్థానిక కౌన్సిళ్లకు అప్పగించింది. (స్కాట్లాండ్, వేల్స్‌ల చట్టాలు వేరు.) 2002 నాటి చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్ తన పరిధిలో ప్రజలు ఇళ్లు ఎందుకు కోల్పోతున్నారో సమీక్షించి, నివారణ వ్యూహాన్ని ప్రచురించాలి. కనీసం ఐదేళ్లకోసారి దానిని కొత్తగా రూపొందించాలి.

అయితే వ్యూహాలున్నా పిల్లలున్న కుటుంబాలు, గర్భిణులు, వయోభారం లేదా అనారోగ్యంతో ఉన్నవారు వంటి ‘ప్రాధాన్య’ వర్గాలకే ప్రధానంగా వసతి దక్కేది. ఒంటరి వ్యక్తులను తరచూ సలహాతో సరిపెట్టి పంపేవారు.

ఎంపీ బాబ్ బ్లాక్‌మన్ ప్రైవేటు సభ్యుని బిల్లుగా తెచ్చిన 2017 చట్టం ఈ పద్ధతిని మార్చింది. 2018 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. అంతకుముందు 28 రోజుల్లో ఇల్లు పోయేవారినే ప్రమాదంలో ఉన్నవారిగా లెక్కించేవారు. ఆ గడువు 56 రోజులకు పెరిగింది. ప్రాధాన్య వర్గంతో నిమిత్తం లేకుండా అర్హులందరికీ కౌన్సిల్ తోడ్పడాలి. ఇంటి యజమానితో మాట్లాడటం, అద్దె బకాయి తీర్చే దారి చూడటం, కొత్త ఇంటి అడ్వాన్సుకు సాయపడటం ఇందులోకి వస్తాయి. కౌన్సిల్, దరఖాస్తుదారు చేయవలసిన పనులతో వ్యక్తిగత ప్రణాళికను రాసివ్వాలి. అప్పటికీ ఇల్లు పోతే మరో 56 రోజులు వసతి వెతకడంలో సాయం చేయాలి. 2018 అక్టోబరు నుంచి జైళ్లు, ఆసుపత్రుల అత్యవసర విభాగాలు కూడా బాధితుల సమ్మతితో వారి సమాచారాన్ని కౌన్సిల్‌కు తెలియజేయాలి.

ఈ సాయమంతా ఇంటికి హామీ కాదు. రెండో గడువు ముగిశాక పూర్తి వసతి బాధ్యత మళ్లీ ప్రాధాన్య వర్గాలకే పరిమితం. విద్యార్థి, ఉద్యోగ వీసాలపై ఉన్నవారికి సాధారణంగా ఈ అర్హత ఉండదు. బ్రిటన్‌కు చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థులు గమనించవలసిన షరతు ఇది. ఉచిత సలహా మాత్రం ఎవరైనా కోరవచ్చు.

అసలు చిక్కు అందుబాటు అద్దెలో ఇళ్లు లేకపోవడమే. అధికారి ఎంత శ్రమించినా చూపడానికి ఇల్లుండాలి కదా! ఇంగ్లండ్‌లో లక్షకు పైగా కుటుంబాలు తాత్కాలిక వసతిలో ఉన్నాయి. దీనికి కౌన్సిళ్లు ఏటా 200 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చిస్తున్నాయి. పిల్లలున్న కుటుంబాలను అల్పాహారంతో గదులు అద్దెకిచ్చే వసతి గృహాల్లో ఆరు వారాలకు మించి ఉంచరాదన్న నిబంధన కూడా చాలాచోట్ల అమలు కావడం లేదు.