తప్పు, ఒప్పు: ఎవరి లెక్క?

ఈసారి "తప్పు" అనే మాట చూద్దాం. ఇది సంస్కృతం నుంచి రాలేదు. తమిళ, కన్నడాల్లోనూ ఉన్న మన మాటే. దారి తప్పడం, గురి తప్పడం, అడుగు తప్పడం: ఉండాల్సిన చోటు నుంచి జారడమే తప్పు. దీని జోడు "ఒప్పు". ఒప్పుకోవడం, ఒప్పందం అందులోవే. అంటే, పదిమంది ఒప్పుకున్నది ఒప్పు.

మరి ఆ దారి గీసిందెవరు? ఆ పదిమందిలో మనల్ని కూర్చోబెట్టిందెవరు?

ప్రజల సొమ్ముతో నడిచే నీటి తావులు అంటరానివాళ్లకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ సరేనంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. కాగితం మీద అది ఒప్పు. ఊరికి మాత్రం తప్పు. మనవాళ్లను కొట్టారు, చెరువుకు "శుద్ధి" చేశారు.

1985లో కారంచేడు. మాదిగలు తాగే నీళ్లను మురికి చేయొద్దని అడగడమే తప్పయింది. జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు.

"తప్పించుకోవడం" కూడా ఈ మాటలోంచే పుట్టింది. వాళ్లు గీసిన దారి తప్పితేనే మనకు విడుదల. తప్పు చేశావని ఎవరైనా అంటే, ముందు అడగండి: ఎవరు ఒప్పుకున్న లెక్క ఇది?

జై భీమ్.