సీసాలో ఎర్రగడ్డలు, కుప్పం బస్సు

తెల్లవారి ఐదున్నర. మదనపల్లెలో మా వంటింటి కిటికీ తెరవగానే చల్లగాలి మొహానికి కొడుతుంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, మే నెలలో కూడా ఈ వేళకు భుజం మీద కండువా కప్పుకోవాలనిపిస్తుంది. రోడ్డు మీద టమోటా క్రేట్లు వేసుకుని మార్కెట్టు యార్డుకు పోయే బళ్ళ మోత. మీరు ఆ పీట లాక్కుని కూచోండి. ఏడు గంటల బస్సుకు కుప్పం పోవాలి, మా మేనత్త ఇంటికి. ఉత్త చేతులతో పోలేం. స్వీటు డబ్బా పట్టుకుపోదామంటే ఆమెకు పన్నెండేళ్ళుగా షుగరు. పండ్లు తీసుకుపోతే "ఇవి నేను తినొచ్చో లేదో నువ్వే చెప్పు" అని నన్నే నిలదీస్తుంది. అందుకే ఎర్రగడ్డలు.

మా పక్క ఉల్లిపాయ అనేది బళ్ళో నేర్చుకున్న మాట. ఇంట్లో, సంతలో దాని పేరు ఎర్రగడ్డ. వెల్లుల్లి తెల్లగడ్డ. ఈ రెండు మాటలు పలికే తీరును బట్టే మనిషిది ఏ జిల్లానో మా అమ్మ చెప్పేస్తుంది.

నిన్న సాయంత్రం తెచ్చినవి కాకి కాగితం మీద పోసి ఉన్నాయి, పావుకిలో. రెండు రకాలు చూడండి. ఈ పెద్దవి కర్నూలు గడ్డలు. ఈ చిన్నవి, కింద బల్లపరుపుగా, ముదురు ఎరుపుగా ఉన్నవి చింతామణి వైపు నుంచి వచ్చినవి. చిక్కబళ్ళాపురం, కోలారు చుట్టుపక్కల పండే ఈ గులాబీ రకానికి 'బెంగళూరు రోజ్' పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఘాటు ఎక్కువ, రంగు ఎక్కువ. అందుకే ఊరబెట్టడానికి ఇది బాగా కుదురుతుంది, అందుకే చాలామటుకు ఓడెక్కి మలేషియాకు, సింగపూరుకు పోతుంది. కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లిదీ అదే దారి. మన పక్కన పండినదాన్ని మనకంటే ముందు వాళ్ళు నంజుకుంటున్నారు. ఏదో మిగిలినవి మనకు.

కత్తిపీట ముందు కూచుంటాను. గడ్డ తల కోసి, పొట్టు తీసి, రెండు బద్దలు చేయాలి. ఇక సన్నగా తరగాలి. ఎంత సన్నగా అంటే, చీలికను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు కనపడాలి. మందంగా కోస్తే లోపల పచ్చిగానే ఉండిపోతుంది, పైన మాత్రం పులుపెక్కుతుంది. మూడో గడ్డకు మీ కళ్ళు మండుతున్నాయి, నావీ మండుతున్నాయి. గడ్డలో విడివిడి అరల్లో ఉన్న రెండు పదార్థాలు కత్తి పడగానే కలుస్తాయి. అందులోంచి పుట్టే గంధకపు ఆవిరి కంటి తడిని తాకి మంట పెడుతుంది. గడ్డలను రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే ఇంత ఏడుపు ఉండేది కాదు. మర్చిపోయాను.

చీలికలన్నీ గాజు సీసాలోకి. కూరి కూరి పెట్టకండి, నీళ్ళు దిగడానికి సందు ఉండాలి.

స్టీలు గిన్నె పొయ్యి మీద పెడదాం. ఇత్తడిదీ వద్దు, అల్యూమినియందీ వద్దు, పులుపు వాటిని తింటుంది. ఒక టీ గ్లాసు వెనిగరు, అంతే నీళ్ళు, ఒక చెంచా ఉప్పు, పది మిరియాలు, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి. వెనిగరు సీసా మీద 'సింథటిక్' అని ఉంటే కంగారు పడకండి, అది ఎసిటిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి చేసినది. పులియబెట్టి చేసినదైతే వాసన మెత్తగా ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ. ఏ రకమైనా అందులో ఆమ్లం 3.75 శాతానికి తగ్గకూడదని మన ఆహార చట్టం నియమం.

తెల్లగడ్డ వెయ్యలేదేమని అడుగుతారు. ఒకసారి వేశాను. మర్నాటికి రెబ్బలు నీలిపచ్చగా మారాయి. బూజేమోనని భయపడి సీసా మొత్తం పెరట్లో కుమ్మరించాను. పులుపు తగిలితే తెల్లగడ్డ కొన్నిసార్లు అట్లా రంగు మారుతుందని, తింటే ఏమీ కాదని తర్వాత తెలిసింది. అప్పటికి మా ఇంటి కోడి కూడా దాన్ని ముట్టలేదు. ఆ సిగ్గు పోక ఇప్పటికీ తెల్లగడ్డ వెయ్యను.

గిన్నె అంచున బుడగలు లేస్తున్నాయి. పొంగు రానివ్వక్కర్లేదు, ఉప్పు కరిగితే చాలు. దించి, వేడివేడిగా గడ్డల మీద పోస్తున్నాను. దగ్గరికి వచ్చి చూడండి. ఇప్పటిదాకా ప్రతి చీలికా తెల్లగా, అంచున మాత్రం సన్నటి ఊదా గీతతో ఉంది. పులుపు తగలగానే ఆ ఊదా గీత ఎర్రబడింది. అక్కడి నుంచి రంగు పొగలాగా నీళ్ళలోకి జారుతోంది.

ఇక్కడే చాలామంది ఒక చెంచా చక్కెర వేస్తారు. హోటలు వంటలో, ఫోన్లలో చూపించే వంటలో అది ఉండి తీరుతుంది, "పులుపును సర్దడానికి" అని. నాకది అర్థం కాదు. నూరు గ్రాముల ఎర్రగడ్డలోనే నాలుగు గ్రాములకు పైగా సహజమైన తీపి ఉంది. ఘాటు దాన్ని తొక్కిపెడుతుంది, అంతే. వేడి నీళ్ళు, పులుపు కలిసి ఘాటును అణిచాక ఆ తీపి దానంతటదే నాలుకకు తెలుస్తుంది. దాని మీద ఇంకో చెంచా వెయ్యడం పాయసంలో తేనె పొయ్యడం లాంటిది. స్టీవియా అంటూ బదులు తీపి వెతుక్కోవడం అంతకన్నా దండగ.

ఏడు గంటల బస్సు. కిటికీ పక్క సీటు మీది. సీసా నా ఒళ్ళో. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం, అన్నీ 42వ నంబరు జాతీయ రహదారి మీద గుచ్చిన పూసలే. ఆ దారి అట్లాగే కృష్ణగిరికి దిగిపోతుంది. మనకు మూడు గంటల పైచిలుకు ప్రయాణం. గడ్డలు ఊరడానికి అరగంట చాలు, మూడు గంటలంటే రాజభోగం.

పుంగనూరు వచ్చేసరికి ఎండ అద్దంలోంచి సీసా మీద పడుతోంది. నీళ్ళు లేత గులాబీ. ముందు సీటు అవ్వ వెనక్కి తిరిగి చూసి అడుగుతోంది.

"అబ్బోడా, ఏందిరా అది? కుంకుమ నీళ్ళా?"

"ఎర్రగడ్డలవ్వా, ఊరబెట్టినాను."

"ఎర్రగడ్డలకు ఊరేదేంది? కొరుక్కుని తినేదానికి!"

అవ్వ మాటలో తప్పు లేదు. సంగటి ముద్ద పక్కన గడ్డను అరచేత్తో చితక్కొట్టి తినే సీమ ఇది. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకు అదే రుచి. మా అత్తకు పళ్ళు లేవు, కడుపులో మంట ఉంది.

పుంగనూరు పేరు చెప్పగానే బయటివాళ్ళకు పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, మనిషి నడుము దాటదు. పాలలో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందంటారు. తరిగిపోతున్న ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుకుంటూ వస్తున్నారు. మన బస్సు పోయేదీ ఆ ఊరి మీదుగానే. ఆ పాల పెరుగన్నంలో ఈ గులాబీ గడ్డలు నంజుకోవాలని నాకొక కోరిక. ఇంతవరకూ తీరలేదు. ఆ ఆవులిప్పుడు శ్రీమంతుల వాకిళ్ళలో ఫొటోలకు నిలబడుతున్నాయి.

పలమనేరు దాటాక ఒక గతుకు. నా తొడ మీద చల్లగా తడి. మూత సరిగ్గా బిగించలేదు! పంచె మీద అరచేయంత గులాబీ మరక, బస్సంతా పుల్లటి వాసన. కండక్టరు ముక్కు చిట్లించి చూస్తున్నాడు. అవ్వ నవ్వుతోంది. మీరూ నవ్వుతున్నారు, కనపడుతోంది. ప్లాస్టిక్ కవరు ముక్కను సీసా మూతికి పెట్టి మూత గట్టిగా తిప్పాను. మీరు తీసుకుపోయేటప్పుడు ఆ పని ఇంట్లోనే చెయ్యండి. పంచె మరకను సబ్బుతో రుద్దితే ముందు నీలంగా తిరుగుతుంది, హడలిపోవద్దు. పులుపులో ఎరుపు, సబ్బులో నీలం, ఆ రంగు గుణమే అది.

కుప్పం. బస్టాండు బయట బండి మీద ఎర్రగడ్డల కుప్ప. మన కళ్ళ ముందే ఒకామె వెంగాయం ఎంతని అరవంలో అడిగింది, ఇంకొకాయన ఈరుళ్ళి అని కన్నడంలో. బండబ్బాయి ఇద్దరికీ తెలుగులోనే ధర చెప్పాడు. ఇద్దరికీ అర్థమైంది. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో ఈ ఊళ్ళో ఎందుకు పెట్టారో ఎవరైనా అడిగితే, నేనైతే ఈ బండిని చూపిస్తాను.

అత్త వాకిట్లోనే ఉంది.

"ఏమిరా, ఇంత పొద్దెక్కించుకొని వస్తివి? ఆ పంచెకేమైంది?"

"గడ్డలు తెచ్చినానత్తా, దారిలో ఒలికింది."

మధ్యాహ్నం. విస్తట్లో రాగిసంగటి, నడుమ గుంటలో నెయ్యి, పక్కన చెనగ్గింజల ఊరిబిండి. మీకూ వడ్డించింది, మొహమాటపడకండి. సీసాలో నీళ్ళిప్పుడు దానిమ్మ గింజ రంగు. చీలికల్లో తెలుపు ఎక్కడా మిగల్లేదు. అత్త రెండు వేళ్ళతో ఒక చీలిక తీసి, వెలుతురుకు పట్టి చూసి నోట్లో వేసుకుంది. కరకర చప్పుడు లేదు, మెత్తగా కాకుండా, గట్టిగా కాకుండా చిన్న చప్పుడు. పళ్ళు లేని చిగుళ్ళకు కూడా లొంగింది.

నా వైపు అనుమానంగా చూసింది.

"చక్కెర వేసినావు కదరా?"

"లేదత్తా, ఒక్క పలుకు గూడా వెయ్యలా."

"మరి తియ్యగుండాదే?"

"గడ్డలోదే ఆ తీపి."

నమ్మలేదు. కోడల్ని పిలిచి తినమంది. కోడలు రెండు చీలికలు తిని, మాట్లాడకుండా మూడోది తీసుకుంది. అత్త ఇంకో పిడికెడు సంగటి మీద వేసుకుని, ముద్ద మింగి, నీళ్ళు తాగి, అప్పుడు తీర్పు చెప్పింది.

"బాగుండాది. ఉప్పే ఎక్కువ. నాకు బీపీ గూడా ఉండాదని మర్చిపోతివి."

నిజమే, మర్చిపోయాను. షుగరు ఉన్నవాళ్ళకని చక్కెర మానేసి, ఉప్పు చెంచా మాత్రం నిండుగా వేశాను. సీసా అక్కడే వదిలి వచ్చాను. గడ్డలు తినమనీ, ఆ నీళ్ళు తాగొద్దనీ చెప్పాను. సగానికి సగం నీళ్ళు కలిపిన పులుపు కాబట్టి ఇది ఆవకాయలాగా బయట నిలవ ఉండదు. తీసే చెంచా పొడిగా ఉంటే, ఫ్రిజ్‌లో రెండు వారాల దాకా పాడవదు.

మీరు చేసేటప్పుడు ఉప్పు అర చెంచా వెయ్యండి.