టీకా తర్వాత చెయ్యి పైకి లేవట్లేదా..? అమెరికాలో పరిహారం ఇలా అడగొచ్చు..!

ఫ్లూ టీకా వేయించుకుంటే చెయ్యి ఒకట్రెండు రోజులు నొప్పి పెట్టడం మామూలే. కానీ అరుదుగా కొందరికి వారాలు గడిచినా భుజం కదలదు. చొక్కా తొడుక్కోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా నరకమే. వైద్యులు దీన్ని 'సిర్వా' అంటారు. జబ్బ కండరంలోకి వెళ్లాల్సిన సూది మరీ పైన గుచ్చుకుంటే, మందు కీలు దగ్గరికి చేరి వాపు వస్తుంది.

ఇలాంటి వారికి అమెరికాలో ప్రత్యేక పరిహార పథకం ఉంది. 1986 నాటి చట్టంతో వచ్చిన ఈ పథకం 1988 నుంచి నడుస్తోంది. 2017లో సిర్వాను కూడా గాయాల జాబితాలో చేర్చారు. పౌరసత్వం అడ్డు కాదు. టీకా అమెరికాలో వేయించుకుంటే చాలు, వీసాపై ఉన్న మనవాళ్లూ అడగొచ్చు.

రూల్స్ ఏంటంటే..
* నొప్పి 48 గంటల్లోపు మొదలవ్వాలి. దాటితే టీకా వల్లే అని విడిగా నిరూపించుకోవాలి.
* అదే భుజానికి అంతకుముందు సమస్య ఉండకూడదు.
* ఇబ్బంది 6 నెలలకు మించి ఉండాలి. లేదంటే ఆస్పత్రిలో చేరి సర్జరీ చేయించుకుని ఉండాలి.
* తొలి లక్షణం కనిపించిన 3 ఏళ్లలోపు కేసు వేయాలి.

వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో పిటిషన్ వేయాలి. టీకా వేసిన ఫార్మసీ మీద కాదు, ప్రతివాది అమెరికా ఆరోగ్య శాఖే. వైద్య ఖర్చులు, పోయిన జీతంతో పాటు అనుభవించిన బాధకు గరిష్ఠంగా 2,50,000 డాలర్ల వరకు ఇస్తారు. సరైన ఆధారాలతో, నిజాయితీగా వేసిన కేసైతే ఓడినా లాయర్ ఫీజు పథకమే భరించే వీలుంది.

అసలు చిక్కంతా ఇక్కడే..!
'అదే తగ్గుతుందిలే' అని నెలల తరబడి ఊరుకుంటే, నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పే కాగితం ఉండదు. అందుకే వెంటనే డాక్టర్‌ను కలిసి టీకా తేదీ, ఏ చేతికి వేశారు, నొప్పి ఎప్పుడు మొదలైంది అన్నవి రికార్డులో రాయించుకోవాలి. టీకా రసీదు దాచుకోవాలి.

మరో మాట.. కోవిడ్ టీకాలకు ఈ పథకం వర్తించదు. వాటికి వేరే పథకం ఉంది. అందులో టీకా వేసిన రోజు నుంచి ఏడాది మాత్రమే గడువు. లాయర్ ఫీజు కూడా రాదు.